వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు

మన ఇళ్ళల్లో నేల చల్లగా ఉంటేనే ప్రాణానికి హాయి. ఎండాకాలం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, గచ్చు తడిగుడ్డతో తుడిచి, చాప కూడా వేసుకోకుండా చెయ్యి తలకింద పెట్టుకుని కాస్సేపు నడుం వాల్చని ఇల్లాలు ఉంటుందా? షాబాదు బండలైనా, కడప బండలైనా, ఇప్పటి టైల్సయినా "కాళ్ళకి ఎంత చల్లగా ఉన్నాయో" అంటే అది మెచ్చుకోలు మాటే. అలాంటి మనకి, నేలని వేడి చేసుకోవడానికి డబ్బులు పోసి పైపులు వేయించుకుంటారంటే నవ్వు రాక ఏమవుతుంది చెప్పండి!

కానీ ఇంగ్లండులో ఒక్క జనవరి నెల గడిపి చూడండి, నవ్వు దానంతటదే ఆగిపోతుంది. గుమ్మం బయట చెప్పులు విడిచి ఇంట్లోకి రావడం మన అలవాటు. చలికాలం పొద్దున్నే వంటింటి టైల్సు మీద వట్టి కాళ్ళతో నిలబడితే ఆ చలి మోకాళ్ళ దాకా పాకుతుంది. గోడకి వేలాడే రేడియేటరు పక్కన వెచ్చగానే ఉంటుంది గాని, ఆ వెచ్చదనం పైకి పోతుందే తప్ప కాళ్ళ దగ్గరికి దిగిరాదు.

ఈ గోలంతా మనకెందుకు అంటారేమో. ఇవాళ మన ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇళ్ళు నాలుగైనా కనబడతాయి. అక్కడ వాళ్ళు ఇళ్ళు కొంటున్నారు, వంటిళ్ళు పెంచుకుంటున్నారు. కూతురికి పురుడు పొయ్యడానికో, మనవల్ని చూసుకోవడానికో ఆరు నెలలు వెళ్ళి ఉండేది మీరే. ఆ నేల మీద నడిచే కాళ్ళు మీవే. కాబట్టి ఆ నేల కింద ఏం పారుతోందో మీరూ తెలుసుకుని తీరాలి.

ముందు బాయిలర్ సంగతి చెప్పుకుందాం. బాయిలర్ అనగానే మీకు పెరట్లో బొగ్గులేసి నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్ గుర్తొస్తుంది. ఇంగ్లండు ఇళ్ళల్లో బాయిలర్ అంటే వంటింటి గోడకి బిగించిన తెల్లటి పెట్టె. చాలా ఇళ్ళల్లో అది గ్యాసుతో మండుతుంది. అందులో కాగిన నీళ్ళని ఒక పంపు పైపుల్లో తోస్తూ ఉంటుంది. ఆ నీళ్ళు ఒక్కో గదిలోని రేడియేటరులో తిరిగి, వేడి అక్కడ వదిలేసి, మళ్ళీ బాయిలర్ దగ్గరికే వస్తాయి. తాగడానికీ స్నానానికీ పనికొచ్చే నీళ్ళు కావవి. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి గుండ్రంగా తిరుగుతుంటాయి అన్నమాట.

నేలకి వేడి పెట్టాలన్నా పద్ధతి అదే. టైల్సు కింద, సిమెంటు గచ్చులో ప్లాస్టిక్ పైపుని జంతికల చుట్టలా వరసగా పరిచి, అందులో వేడినీళ్ళు పారిస్తారు. గది నేలంతా ఒక పెద్ద రేడియేటరు అయిపోతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు సుమండీ. ఇంగ్లండులోనే బాత్ అనే ఊళ్ళో రోమన్లు కట్టిన స్నానశాలల్లో నేలని చిన్న చిన్న ఇటుక స్తంభాల మీద నిలబెట్టి, కింద నుంచి వేడిగాలి పోనిచ్చారు. ఆ స్తంభాలు ఇప్పటికీ చూడొచ్చు. కొరియా వాళ్ళయితే వంటపొయ్యి పొగనే నేల కింద దారుల్లోంచి పంపి గది వెచ్చబెట్టుకునేవారు. ఒక్క పొయ్యి మీద అన్నమూ ఉడికేది, పక్క గదిలో నేలా వెచ్చబడేది. ఎంత తెలివైన ఇల్లాళ్ళో చూశారా!

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, ఉన్న రేడియేటర్లని అలాగే ఉంచి, ఒక గదిలో మాత్రం నేలవేడి పెట్టించుకుని, రెండింటినీ ఒకే బాయిలరుకి కలిపేటప్పుడు. ఒకే బాయిలర్ రెండింటికీ చాలుతుంది. అందులో అనుమానం లేదు. కానీ రెండింటికీ ఒకే వేడి పనికిరాదు. పాత పద్ధతి రేడియేటర్లకి 70, 75 డిగ్రీల నీళ్ళు కావాలి. నేలకి 35 నుంచి 45 డిగ్రీలు చాలు. ఇంతే విషయం. ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే మిగతాదంతా మీకే అర్థమైపోతుంది.

మన వంటింటి మాటల్లో చెప్తాను. గిన్నెడు పాలు కాచాం. కాఫీకి పొగలు కక్కుతూ కావాలి. తోడు వెయ్యడానికి గోరువెచ్చగా కావాలి. మరుగుతున్న పాలలో చెమ్చాడు మజ్జిగ వేస్తే పెరుగు తోడుకుంటుందా? అలాగని కాఫీకొక పొయ్యి, పెరుగుకొక పొయ్యి పెడతామా? ఒక పొయ్యి మీదే కాచి, తోడుకి కావలసినవి పక్కన తీసి చల్లార్చుకుంటాం. బాయిలర్ విషయంలోనూ చెయ్యాల్సింది అదే.

ఇదంతా నేనేదో పుస్తకం చదివి చెప్పడం లేదు. 2019లో మా ఇంటి వెనకాల వంటగదిని పెంచి, భోజనాల గదితో కలిపి ఒకే గదిగా చేయించాం. మొత్తం 24 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 260 చదరపు అడుగులు. ఒకవైపంతా గాజు తలుపులు. ఇటు అల్మారాలూ, అటు తలుపులూ పోగా రేడియేటరు తగిలించడానికి గోడే మిగల్లేదు. అందుకని నేలవేడి అనుకున్నాం. అదీగాక మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉండబోతున్నారు. ఆవిడకి కుర్చీలో కూచుని కూరలు తరగడం రాదు. పీట వేసుకుని, కత్తిపీట ముందు పెట్టుకుని, నేలమీదే కూచోవాలి.

అత్తయ్యగారి గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఆవిడకి పాతికేళ్ళుగా షుగరు. పాదాల్లో స్పర్శ బాగా తగ్గిపోయింది. 2017 వేసవిలో వడియాలు పెట్టడానికి మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి వట్టి కాళ్ళతో అరగంట నిలబడ్డారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే బొబ్బలు కనబడ్డాయి. అంతవరకూ కాలిందని ఆవిడకి తెలియనే లేదు! ఆ పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళ సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకోవద్దనీ, హీటరుకి దగ్గరగా కాళ్ళు చాపొద్దనీ డాక్టర్లు ఊరికే చెప్పరు మరి.

ఇక మా బిల్డరు. గోడలు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషే. నేల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "రేడియేటర్ల పైపు ఇక్కడిదాకా వచ్చే ఉంది. దానికే టీ ముక్క తగిలించి నేలపైపులు కలిపేస్తాను. వేరే సామాను దండగ. వేడి ఎక్కువనిపిస్తే వాల్వు కాస్త బిగించుకోండి" అన్నాడు. కొన్ని వందల పౌండ్లు మిగులుతాయనేసరికి మావారి మొహం వెలిగింది.

"వాల్వు బిగిస్తే వచ్చే నీళ్ళు తగ్గుతాయి గాని, నీళ్ళ వేడి ఎలా తగ్గుతుందండీ?" అన్నాను నేను. మన స్నానాల గదిలో గీజరు కొళాయి సన్నగా తిప్పితే సన్నటి ధారే వస్తుంది, కానీ ఆ ధార చెయ్యి కాల్చకుండా వదులుతుందా? అలాగే 70 డిగ్రీల నీళ్ళు సన్నగా వదిలితే పైపు మొదట్లో నేల కాలిపోతుంది, చివర్లో చల్లగా ఉండిపోతుంది.

"పనివాడికి పని మనం నేర్పుతామా? పోనీ, బాయిలర్నే 40కి తగ్గించి పెట్టేస్తే సరిపోతుందిగా" అన్నారు మావారు.

"అప్పుడు పైన మన పడగ్గదుల మాటేమిటి? అవి 70 డిగ్రీలకని లెక్కవేసి బిగించిన రేడియేటర్లు. 40 డిగ్రీల నీళ్ళు పంపితే మూడో వంతు వేడి కూడా ఇవ్వవు. పిల్లలు వణుకుతారు. అవి వెచ్చబడాలని మీరు మళ్ళీ 70కి పెంచుతారు. అప్పుడు కింద మీ అమ్మగారి కాళ్ళ కింద 70 డిగ్రీల నీళ్ళు పారుతుంటాయి. ఆవిడకి కాలేది తెలియదు. మిగిలిన ఆ వందల పౌండ్లు ఏం చేసుకుంటారు?" అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. గ్యాసు పని చెయ్యడానికి ఇంగ్లండులో ఎవరు పడితే వాళ్ళు పనికిరారు. గ్యాస్ సేఫ్ రిజిస్టరు అని ఒకటి ఉంది. 2009 ఏప్రిల్ నుంచి అందులో పేరున్నవాళ్ళే గ్యాసు బాయిలర్ల మీద చెయ్యి వెయ్యాలి. వాళ్ళ దగ్గర కార్డు ఉంటుంది, చూపించమని అడగొచ్చు. అలాంటి ఒక పెద్దాయన్ని, నేలవేడి పనుల్లో అనుభవం ఉన్నవాణ్ణి పిలిపించాం. ఆయన రెండు గంటలు కూచుని, బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ బొమ్మ నా వంటల నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది.

అసలు కీలకం మిక్సింగ్ వాల్వు అనే చిన్న పరికరం. బాయిలర్ నుంచి 70 డిగ్రీల నీళ్ళు వస్తాయి. నేలలో తిరిగి చల్లారిన నీళ్ళు 34 డిగ్రీలకి దిగి వెనక్కి వస్తాయి. ఈ వాల్వు ఆ రెండింటినీ కలిపి, మనం పెట్టిన 42 డిగ్రీలకి తెచ్చి నేలలోకి వదులుతుంది. లెక్కేస్తే ఒక పాలు వేణ్ణీళ్ళకి మూడున్నర పాలు చల్లారిన నీళ్ళు పడతాయి. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అని మనం మొగుడి జీతానికి పెళ్ళాం చేసే చిన్న సంపాదన తోడైనప్పుడు అంటుంటాం. ఇక్కడ ఆ సామెత అక్షరాలా నిజమై కూచుంది! మన అమ్మమ్మలు బిందెలో వేణ్ణీళ్ళు కలిపి, మోచేత్తో చూసి, పసిపిల్లకి స్నానం చేయించేవారు చూడండి, ఆ మోచెయ్యి పని ఈ వాల్వు చేస్తుందన్నమాట.

వాల్వు పక్కనే నేలకి సొంతంగా ఒక చిన్న పంపు ఉంటుంది. సన్నటి పొడుగాటి పైపుల్లో నీళ్ళు తొయ్యడం రేడియేటర్ల పంపుతో అయ్యే పని కాదు. ఆ పంపు తరవాత మానిఫోల్డ్ అనే ఇత్తడి పైపు. నీళ్ళు అక్కడి నుంచి పాయలుగా చీలి నేలలోకి వెళ్ళి, మళ్ళీ అక్కడికే తిరిగొస్తాయి. ఇవన్నీ మెట్ల కింద చిన్న అల్మారాలో ఇమిడిపోయాయి.

వీటికి తోడు ఆయన ఒక కాపలా కూడా పెట్టారు. మిక్సింగ్ వాల్వు ఎప్పుడైనా మొరాయించి వేడినీళ్ళు నేరుగా వచ్చేస్తే? అందుకని నేలలోకి వెళ్ళే పైపుకి ఒక థర్మోస్టాటు కట్టారు. నీళ్ళు 50 డిగ్రీలు దాటితే పంపు దానంతటదే ఆగిపోతుంది. ప్రెషర్ కుక్కరుకి వెయిటు ఉన్నా సేఫ్టీ వాల్వు కూడా ఉంటుంది కదా, అలాంటిదే ఇదీను. అత్తయ్యగారి సంగతి చెప్పాక ఆయన దాన్ని రెండుసార్లు పరీక్షించి చూపించారు.

నేల పైభాగం ఎంత వెచ్చగా ఉండొచ్చు అన్నదానికి యూరప్‌లో ఒక లెక్కుంది. మనుషులు తిరిగే గదుల్లో 29 డిగ్రీలు మించకూడదు, స్నానాల గదిలో 33. చెక్కనేల అయితే 27 లోపు ఉంచమంటారు. మా టైల్సు మీద మీటరు పెట్టి చూస్తే 26, 27 చూపిస్తుంది. అరచెయ్యి వేడికన్నా తక్కువే. అందుకే కాలు పెడితే "వేడిగా ఉంది" అనిపించదు, "చల్లగా లేదు" అనిపిస్తుంది. ఎవరింట్లో అయినా నేల కాళ్ళకి చురుక్కుమంటోంది అంటే అది గొప్ప కాదు, ఎక్కడో తేడా ఉందని గుర్తు.

ఇక పైపుల సంగతి. అల్మారాల కింద పైపులు వెయ్యొద్దని ముందే చెప్పాం. పప్పులూ ఉప్పులూ పెట్టుకునే చోట వేడి ఎందుకు? అవి తీసేస్తే 18 చదరపు మీటర్లు మిగిలింది. 16 మిల్లీమీటర్ల పైపుని 15 సెంటీమీటర్లకొక వరస చొప్పున పరిస్తే 120 మీటర్లు పట్టింది. ఒకే చుట్టగా వెయ్యకూడదు. ఈ సైజు పైపుకి ఒక్కో చుట్ట 100 మీటర్లకు మించితే నీళ్ళు ఈడ్చుకుపోవు. అందుకని రెండు చుట్టలు చేశారు. కింద దళసరి ఇన్సులేషన్ పలకలు పరిచారు, లేకపోతే మన గ్యాసు డబ్బుతో భూమాతని వెచ్చబెట్టినట్టే. గోడల అంచున చుట్టూ మెత్తటి స్పాంజి పట్టీ పెట్టారు. గచ్చు వేడికి కాస్త సాగుతుంది కదా, దానికి చోటుండాలి.

పైపు కొనేటప్పుడు తప్పకుండా చూడాల్సిన గుణం ఒకటుంది. ఆక్సిజన్ లోపలికి పోకుండా పొర ఉన్న పైపే కొనాలి. మామూలు ప్లాస్టిక్ గోడల్లోంచి గాలిలోని ఆక్సిజన్ మెల్లమెల్లగా నీళ్ళలోకి చేరుతుంది. నేల ఒక్కటే అయితే నష్టం తక్కువేమో గాని, అవే నీళ్ళు ఇనప రేడియేటర్లలోకీ, బాయిలర్లోకీ పోతున్నాయిగా! లోపల తుప్పు పట్టి నల్లటి బురద చేరుతుంది. అది పంపుని పట్టేస్తుంది. అలా జరక్కుండా నీళ్ళలో తుప్పు నిరోధించే మందు కూడా కలుపుతారు.

గచ్చు పొయ్యకముందే పైపుల్లో నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, ఎక్కడా కారడం లేదని తేల్చుకోవాలి. గచ్చు పోసేటప్పుడూ ఆ ఒత్తిడి అలాగే ఉంచాలి. ఆ సమయంలో నేను చేసిన పని మీరూ మీవాళ్ళకి చెప్పండి. టేపు పక్కన పెట్టి పైపుల వరసలన్నీ ఫోటోలు తీసి దాచాను. రేపు ఏదైనా బిగించడానికి నేలకి చిల్లి వెయ్యాల్సొస్తే ఆ ఫోటోలే దిక్కు.

గచ్చు పోశాక తొందరపడకూడదు. చలి మొదలయ్యింది కదా అని మావారు, "వేడి పెడితే త్వరగా ఆరుతుందేమో" అన్నారు. మన దగ్గర స్లాబు వేసి మూడు వారాలు నీళ్ళు పట్టమా? ఇదీ అంతే. సిమెంటు గచ్చయితే 21 రోజులు వేడి పెట్టకూడదు. ఆ తరవాత 25 డిగ్రీల నీళ్ళతో మూడు రోజులు, పిదప పూర్తి వేడితో నాలుగు రోజులు నడిపి, అప్పుడు మామూలుగా వాడుకోవాలి. ఒక్కసారిగా వేడెక్కిస్తే గచ్చు పగులుతుంది. ఒకసారి టైల్సు వేశాక పగిలితే చూడ్డానికీ లేదు, బాగుచెయ్యడానికీ లేదు.

ఇంకొక తిరకాసు కూడా ఆయన ముందే చెప్పారు. మా వంటగది నేలకి కావలసిన వేడి కిలోవాటున్నర లోపే. మా బాయిలరేమో ఎంత సన్నంగా మండినా 5 కిలోవాట్లకి తక్కువ మండదు. అంటే పెద్ద పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టినట్టు. నేల ఒక్కటే వేడి అడిగితే బాయిలర్ వెలగడం, వెంటనే ఆరిపోవడం, మళ్ళీ వెలగడం ఇలా అవస్థ పడుతుంది. గ్యాసూ దండగ, యంత్రానికీ అరుగుదల. అందుకని నేలకి వేడి పట్టే గంటలూ, పైన రేడియేటర్లు నడిచే గంటలూ వీలైనంత కలిసొచ్చేలా టైము పెట్టారు. దానితో ఆ అవస్థ పూర్తిగా పోకపోయినా చాలా తగ్గింది. కొత్త బాయిలర్ కొనేవాళ్ళు అది ఎంత ఎక్కువ వేడి ఇస్తుందో ఒక్కటే అడక్కుండా, ఎంత తక్కువకి దిగగలదో కూడా అడగాలి.

నేలా, రేడియేటరూ స్వభావంలో కూడా తోడికోడళ్ళలాంటివి. రేడియేటరు అరగంటలో గదిని వెచ్చబెడుతుంది, ఆపితే త్వరగా చల్లారుతుంది. నేల నిదానస్థురాలు. వెచ్చబడటానికి గంటలు పడుతుంది, వెచ్చబడ్డాక ఆ వేడి త్వరగా వదలదు. అందుకే రెండింటికీ వేరు వేరు వాల్వులూ, వేరు వేరు థర్మోస్టాట్లూ ఉండాలి. పొద్దున్న ఏడింటికి వంటగది వెచ్చగా ఉండాలంటే మా నేల నాలుగింటికే మొదలవుతుంది. ఏ గదీ వేడి అడగనప్పుడు బాయిలర్, పంపు పూర్తిగా ఆగిపోయేలా కూడా కలిపారు.

గోరువెచ్చటి నీళ్ళతో నడపడంలో పొదుపు కూడా ఉంది. ఇంగ్లండులో 2005 నుంచి కొత్త గ్యాసు బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే మరిగే నీళ్ళకన్నా ఎక్కువ చురుక్కుమంటుంది కదా! ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు లోపల దాచుకున్న వేడిని వదులుతుంది. ఈ బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని లాక్కుంటాయి. కానీ తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీలకన్నా చల్లగా ఉంటేనే అది సాగుతుంది. ఎంత చల్లగా వస్తే అంత లాభం. నేల నుంచి 34 డిగ్రీలతో తిరిగొచ్చే నీళ్ళు అందుకు భేషుగ్గా పనికొస్తాయి.

2022లో యుద్ధం వచ్చి గ్యాసు ధరలు ఆకాశానికి అంటినప్పుడు మేము బాయిలర్ని 70 నుంచి 60కి దించాం. పైగదులు కాస్త నెమ్మదిగా వెచ్చబడ్డాయి. నేల మాత్రం ఏ తేడా లేకుండా అలాగే ఉంది. పైనుంచి 70 వచ్చినా, 60 వచ్చినా మిక్సింగ్ వాల్వు 42 చేసే పంపుతుంది కదా! అదే ఏడాది జూన్ నుంచి ఇంగ్లండులో కొత్తగా పెట్టే, లేదా మొత్తం మార్చే నీటివేడి ఏర్పాట్లు 55 డిగ్రీలు దాటని నీళ్ళతో పనిచేసేలా ఉండాలని నిబంధన వచ్చింది. అలాంటిచోట పెద్ద సైజు రేడియేటర్లు పెడతారు. అయినా 55 కూడా నేలకి ఎక్కువే. కలిపే వాల్వు అవసరం తప్పదు.

ఇక ఇల్లాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు. వెచ్చటి నేల మీద దళసరి తివాచీలు పరవకండి, వేడి పైకి రాదు. కాళ్ళు లేని బల్లలూ, పెట్టెలూ ఆనించి పెట్టకండి. బొంతలూ పరుపులూ వేసుకుని పడుకోకండి. పరుపు కింద వేడి ఇరుక్కుపోయి అక్కడ నేల మామూలుకన్నా బాగా వేడెక్కుతుంది. స్పర్శ తగ్గిన పెద్దవాళ్ళకీ, పసిపిల్లలకీ అది మంచిది కాదు. అత్తయ్యగారికి కూడా పీట మీద కూచోవడం వరకే అనుమతి, మధ్యాహ్నం కునుకు మాత్రం మంచం మీదే. రోజూ రాత్రి ఆవిడ పాదాలు చూడటం మా అబ్బాయి పని. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఆ నేలమీద పెడితే మొలకలొస్తాయి. లాభం కూడా చెప్పాలిగా! ఇంగ్లండు చలికి రెండురోజులైనా పొంగని ఇడ్లీపిండి, ఆ నేల మీద మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి చక్కగా పొంగి కూచుంటోంది.

మీ పిల్లలు ఇలాంటి పని పెట్టుకున్నామని ఫోన్లో చెబితే, "మాకేం తెలుసులే" అని ఊరుకోకండి. ఈ ప్రశ్నలు అడగండి. నేలలోకి ఎన్ని డిగ్రీల నీళ్ళు పోతాయి? కలిపే వాల్వు ఎక్కడుంది? అది చెడిపోతే ఆపే కాపలా ఉందా? నేలకీ, రేడియేటర్లకీ థర్మోస్టాట్లు వేరువేరా? పైపుకి ఆక్సిజన్ అడ్డుకునే పొర ఉందా? గచ్చు పొయ్యకముందు ఒత్తిడి పెట్టి చూశారా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాడికే పని ఇవ్వమనండి. జవాబు చెప్పడానికి విసుక్కునేవాడికి వద్దనండి, ఎంత చవగ్గా చేస్తానన్నా సరే.

అదండీ సంగతి. మీరు వెళ్ళేటప్పుడు మాత్రం పచ్చళ్ళతోపాటు నాలుగు జతల ఉన్ని సాక్సు కూడా పెట్టుకోండి. వంటగది నేల వెచ్చగా ఉన్నా, పైన స్నానాల గదిలో టైల్సు ఎలా ఉంటాయో మరి!